లడ్డు తయారీలో కులం ఎక్కడుంది?

మా మాదిగవాడలో ఎవరైనా తిరపతి పోయొస్తే ఒక్క లడ్డును చిదిపి ఇంటింటికీ చిటికెడు పంచేవాళ్లు. కళ్లకద్దుకొని తినేవాళ్లం. అదే వాడలో మా అమ్మ వండిన పరమాన్నం ఊళ్లోవాళ్లు ముట్టేవాళ్లు కాదు. ప్రసాదం పైనుంచి కిందికి వస్తుందిగానీ కిందినుంచి పైకి పోదు. మరి ఆ ప్రసాదం పెద్ద సరుకయ్యాక కూడా చేసే చేతి కులం ఎందుకు చూస్తున్నారు?

తిరుమల వంటశాలను పోటు అంటారు. అక్కడ ప్రసాదాలు చేసే హక్కు గమేకార్లనే కొన్ని కుటుంబాలకు తరతరాలుగా ఉండేది. ఇది మిరాశీ పద్ధతి. ప్రసాదంలో వాళ్లకు వాటా దక్కేది. గిరాకీతో పాటు ఆ వాటా విలువా పెరిగింది. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం వంశపారంపర్య హక్కులను రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది.

ఈలోగా పోటు ఫ్యాక్టరీలా మారింది. సరుకుల కొలతను దిట్టం అంటారు. 2001లో సవరించిన దిట్టం ప్రకారం 5,100 లడ్లకు 803 కిలోల సరుకు కావాలి. అందులో 180 కిలోలు శనగపిండి, 165 నెయ్యి, 400 చక్కెర. మిగతాది జీడిపప్పు, ఎండుద్రాక్ష, కలకండ, యాలకులు. రోజుకు సుమారు 3 లక్షల లడ్లు తయారై కన్వేయర్ బెల్టుల మీద బయటికొస్తాయి. చిన్న లడ్డు 50 రూపాయలు. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. డార్జిలింగ్ టీ పేరును కాపాడే వ్యాపార చట్టమే దీన్నీ కాపాడుతోంది.

ఇన్ని మారినా పోటులో లడ్డు చేసే పని ప్రధానంగా శ్రీవైష్ణవ బ్రాహ్మణులదే. వంశం హక్కు పోయింది, కులం హక్కు మిగిలింది. శనగలు పండించినవాళ్ల, చెరకు కొట్టినవాళ్ల కులం ఎవరూ అడగరు. పోటు గడప దగ్గరే ఆ ప్రశ్న పుడుతుంది. ఆగమం ఒప్పుకోదంటారు. కన్వేయర్ బెల్టును ఏ ఆగమం ఒప్పుకుంది? 2024లో నెయ్యి కల్తీ ఆరోపణలొచ్చినప్పుడు శుద్ధి గురించి రాష్ట్రమంతా మాట్లాడింది. నెయ్యి శుద్ధిని ల్యాబులో తేల్చొచ్చు. చేతి శుచిని మాత్రం పుట్టుకతో తేలుస్తున్నారు.

మార్కెట్ వస్తే కులం దానంతటదే పోతుందని చెప్పేవాళ్లు ఈ లెక్క చూడాలి. మార్కెట్ తనకు అడ్డమైన మిరాశీని వదిలించుకుంది. అడ్డంకాని కులాన్ని అలాగే ఉంచుకుంది. కేరళ కేసులో 2002లో సుప్రీంకోర్టు, అర్హత ఉంటే బ్రాహ్మణేతరుడూ అర్చకుడు కావచ్చని చెప్పింది. పూజకే పుట్టుక అక్కర్లేనప్పుడు జీతానికి చేసే వంటకు ఎందుకు? ఉద్యోగ ప్రకటనలో ఆ షరతు కనబడ్డ ప్రతిసారీ మనం అడగాల్సిన ప్రశ్న ఇదే.