సూది గొంతుకు సరిపడే ట్రాన్స్‌ఫార్మరు

పిల్లలూ! సంత్రాగాఛి స్టేషనులో రైళ్ల నెత్తిన సాగే కరెంటు తీగల్ని మీరు రోజూ చూస్తూనే ఉంటారు. వాటిలో ఉండేది 25,000 వోల్టులు. ఇంజను లోపలున్న ట్రాన్స్‌ఫార్మరు దాన్ని మోటార్లకు పనికొచ్చేంతకు తగ్గిస్తుంది. మీలో కొందరి నాన్నగార్లు ఇక్కడి ఎలక్ట్రిక్ లోకో షెడ్డులో అలాంటి ఇంజన్లకే మరమ్మతు చేస్తారు. అదే సూత్రంతో, దీనికి తలకిందులుగా పనిచేసే ఒక చిన్న డబ్బా మా ఇంట్లో ఉంది. దాన్ని ఎలా ఎంచుకున్నామో ఈసారి చెబుతాం.

ఎన్ని ఊళ్లకు బదిలీ అయినా మా సామానులో తప్పకుండా ఉండేది, నాన్నగారు పెళ్లికి ముందు కొనుక్కున్న భగవద్గీత రికార్డు. ఘంటసాల గారు 1974లో కన్నుమూశారు. చివరి రోజుల్లో పాడిన గానమది. దాన్ని తెచ్చిన గ్రామఫోన్ కంపెనీ కర్మాగారం దమ్‌దమ్‌లో 1928లో వెలిసింది. అంటే బదిలీ మీద ఇక్కడికొచ్చి, ఆ రికార్డును మేము పుట్టింటికే తెచ్చామన్నమాట!

ఇక్కడ పాత సామాన్ల దుకాణంలో ఒక టర్న్‌టేబుల్ దొరికింది. ఎంతో ఆశగా రికార్డు పెట్టాం. చెవి ఆనించి వింటే తప్ప వినపడలేదు. సూది అరిగిందేమో, రికార్డే పాడైందేమో అని దిగులు పడ్డాం. తీరా చూస్తే రెండూ బాగానే ఉన్నాయి.

అసలు సంగతి సూదిని పట్టుకొని ఉండే కార్ట్రిడ్జిలో ఉంది. అయస్కాంతం, తీగచుట్ట ఒకదాని దగ్గర ఒకటి కదిలితే చుట్టలో విద్యుత్తు పుడుతుందని 1831లో ఫారడే కనిపెట్టాడు. కార్ట్రిడ్జి చేసే పని అదే. మామూలు రకంలో సూదితో పాటు అయస్కాంతం కదులుతుంది, చుట్ట కదలకుండా ఉంటుంది. దానికి ఎన్ని చుట్లయినా వేయవచ్చు కనుక సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు వస్తాయి. ‘మూవింగ్ కాయిల్’ రకంలో చుట్టే కదులుతుంది. అది తేలికగా ఉంటేనే సూది గాడిలోని సన్నని వంపుల్ని కూడా అందుకోగలదు. అందుకే కొద్ది చుట్లే వేస్తారు. ఫలితంగా గొంతు చిన్నది. అన్నీ ఉన్న ఆకు అణిగిమణిగి ఉంటుందని పెద్దలు ఊరికే అన్నారా!

మా కార్ట్రిడ్జి ఇచ్చేది 0.3 మిల్లీవోల్టు. దాని చుట్ట నిరోధం 40 ఓంలు. మా యాంప్లిఫయరు మామూలు రకం కోసం చేసినది. దాని నిరోధం 47,000 ఓంలు. ఈ రెంటి మధ్యా స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టాలి.

దుకాణంలో 1:10, 1:20, 1:30 రకాలు చూపించారు. 1:10 అంటే రెండో చుట్టలో పది రెట్లు చుట్లు, అందుచేత పది రెట్లు వోల్టేజి. ముప్ఫై రెట్లు వస్తుంటే పదితో సరిపెట్టుకోవడం ఎందుకని 1:30కే డబ్బులు తీయబోయాం. అంతలో పదో తరగతి పాఠం గుర్తొచ్చి కాగితం మీద లెక్క వేశాం.

ట్రాన్స్‌ఫార్మరు శక్తిని పుట్టించదు. వోల్టేజి పది రెట్లు పెరిగితే కరెంటు పదో వంతుకు తగ్గుతుంది. కాబట్టి కార్ట్రిడ్జికి అవతలి నిరోధం వందో వంతుగా, అంటే పది వర్గంతో భాగించినట్టుగా, కనిపిస్తుంది. 1:10 అయితే 470 ఓంలు. 1:20 అయితే సుమారు 117. 1:30 అయితే 52 మాత్రమే. ఈ సంఖ్య తగ్గేకొద్దీ కార్ట్రిడ్జి మీద బరువు పెరుగుతుంది. పుట్టిన వోల్టేజిలో కొంత దాని చుట్టలోనే ఖర్చయిపోతుంది. లెక్క కడితే 1:10తో యాంప్లిఫయరుకు చేరేది సుమారు 2.8 మిల్లీవోల్టులు, 1:30తో 5.1. చుట్లు మూడింతలైనా ఫలితం రెండింతలు కూడా కాలేదు! పైగా అంత బరువు మోస్తే శబ్దం తీరే మారుతుంది.

అందుకే ఒక గుర్తు పెట్టుకోండి: కార్ట్రిడ్జికి కనిపించే నిరోధం, దాని సొంత నిరోధానికి పది రెట్లకు తగ్గకుండా ఉంటే మంచిది. మా 40కి 470 సరిపోయింది. 2 ఓంలు, 0.2 మిల్లీవోల్టు ఉన్న కార్ట్రిడ్జికైతే 1:20 చక్కగా నప్పుతుంది. ఈ అంకెలు తయారీదారు ఇచ్చిన కాగితంలో చూసుకోవాలి. మల్టీమీటరు పెట్టి కొలవకండి. దాని కరెంటు ఆ సన్నని చుట్టకు హాని చేయవచ్చు. ట్రాన్స్‌ఫార్మరును మోటారుకూ కరెంటు డబ్బాలకూ దూరంగా ఉంచాలి. లేకపోతే ‘గుంయ్’మనే మోత పాటతో పాటే పెరుగుతుంది.

1:10 తెచ్చి కలిపిన సాయంత్రం నాన్నగారికి ఫోను చేసి, మాట్లాడకుండా స్పీకరు దగ్గర పెట్టాం. కాసేపటికి అవతలి నుంచి ఆయన గొంతు కూడా కలిసింది.

మీకో లెక్క: కార్ట్రిడ్జి 10 ఓంలు, 0.4 మిల్లీవోల్టు. యాంప్లిఫయరు మా ఇంట్లోదే. ఏ ట్రాన్స్‌ఫార్మరు తీసుకుంటారు? ఎందుకు? కారణం రాసి తరగతికి తీసుకురండి.