వస్తువును వస్తువుగాఁ జూపుట: జపాను దేశపు 'మోనో-హా' శిల్పులు

జపాను చిత్రకళ యనఁగానే యాంధ్రపాఠకునకు మొదట స్ఫురించునది రంగులు నీటిలోఁ గరఁగినట్లుండు మెత్తని చిత్రము. ఇందులకుఁ గారణము లేకపోలేదు. ఒకాకురా కకుజో 1902లో భారతదేశమునకు వచ్చిన పిమ్మట, 1903లో యొకొయామ తైకాన్, హిషిద షున్సో అను నిరువురు చిత్రకారులు కలకత్తాకు వచ్చి అవనీంద్రనాథ ఠాకూరుతోఁ బరిచయము చేసికొనిరి. వారి జలవర్ణపద్ధతి వంగదేశమున వ్యాపించి, ప్రమోదకుమార చట్టోపాధ్యాయుని మూలమున బందరు జాతీయ కళాశాలకును జేరినది. ఆ జపాను వేఱు. 1968 తరువాతి జపాను వేఱు. ఈ రెండవ జపానులోఁ బుట్టిన యొక శిల్పిసమూహము చిత్రించుటనే కాదు, చేయుటనే శంకించినది. దాని పేరు 'మోనో-హా'. 'మోనో' యనఁగా వస్తువు. 'హా' యనఁగా శాఖ. ఈ పేరు వారు పెట్టుకొన్నది కాదు. ఇతరులు కొంత చులకనగాఁ బెట్టఁగా నిలిచిపోయినది.

1968వ సంవత్సరము అక్టోబరు నెలలోఁ గోబె నగరమందలి సుమా రిక్యూ యుద్యానమున నొక శిల్పప్రదర్శనము జరిగెను. అందుఁ బాల్గొన్న సెకినే నొబువో (జననము 1942) రాయి చెక్కలేదు, కంచు పోయలేదు. మిత్రులతోఁ గూడి నేలలో గుండ్రని గొయ్యి త్రవ్వెను. లోఁతు 2.7 మీటరులు, వ్యాసము 2.2 మీటరులు. త్రవ్వితీసిన మన్నును, విడిపోకుండఁ గొంత సిమెంటు చేర్చి యణఁచి, గోతిప్రక్కనే గోతి కొలఁతకు సరియైన స్తంభముగా నిలిపెను. ఒకవైపు శూన్యము, ఒకవైపు పూర్ణము. స్తంభము నెత్తి గోతిలో దింపఁగలిగినచో నేల మునుపటివలెనే యుండును. కొత్తగాఁ జేర్చిన దించుమించు లేదు, తీసివేసినది లేదు.

ఈ కృతికి 'ఇసో – దైచి' యని పేరు. 'దైచి' యనఁగా మహాభూమి. 'ఇసో' యను పదము గణితశాస్త్రమునుండి గ్రహింపఁబడినది. ఆకారము సాగినను ముడుచుకొన్నను మాఱని గుణములను విచారించు గణితశాఖ యొకటి కలదు. పిండిముద్దను రొట్టెగా నొత్తినను, త్రాడుగా సాగఁదీసినను, ఆ శాస్త్రదృష్టికి నది యొకటే. సెకినే తలఁపును దీనిననుసరించియే పోయినది. భూమిలో నొకచోటఁ ద్రవ్వ నారంభించి, మన్నును బైకిఁ దీయుచు నట్లే పోయినచోఁ దుదకు భూమి గ్రుడ్డుపెంకువలె డొల్ల యగును. ఇంకను లాగినచో లోపలివైపు బయటికిఁ దిరుగఁబడును. ఐనను బదార్థము రవ్వంతయుఁ దఱుగదు. ఇది మనస్సులో మాత్రమే సాధ్యమగు కార్యము. కోబెలోని గొయ్యి యా కార్యమునకు మొదటి పలుఁగుపోటు.

వస్తువును గౌరవింపవలెనను మాట జపానులో నంతకు ముందును వినఁబడినది. 1954లో యొషిహరా జిరో స్థాపించిన 'గుతాయి' సంఘము, 1956 నాఁటి తన యాశయపత్రమునఁ బదార్థమును మనస్సు లొంగఁదీయరాదనియు, రెండును జేయి కలుపవలెననియుఁ జెప్పినది. ఆ సంఘమువాఁడైన షిరాగా కజువో 1955లో బురదలో దిగి దానితోఁ బెనఁగులాడెను. మురకామి సబురో చట్టములకు బిగించిన కాగితపు తెరలను దేహముతోఁ జించుకొని దాఁటిపోయెను. మాటలో వస్తువునకు సమగౌరవము దక్కినను, ప్రేక్షకునకుఁ గనఁబడినది మనుష్యుని కండబలమే. బురద పాపము సహించినది. మోనో-హా వారు విడిచిపెట్టినది యీ పెనఁగులాటనే.

సెకినే గోతిలోని యర్థమును వాక్కులోఁ బెట్టినవాఁడు లీ ఉఫాన్. ఇతఁడు జపానువాఁడు కాఁడు. 1936లో, జపాను పాలనలో నున్న కొరియాలో జన్మించి, 1956లో జపానునకు వచ్చి, నిహోన్ విశ్వవిద్యాలయమునఁ దత్త్వశాస్త్రము చదివెను. నిషిద కితారో, హైడెగ్గరు, మెర్లో-పోంటీ యనువారి గ్రంథము లతనికిఁ బరిచితములు. 1969 మొదలతఁడు వ్రాసిన వ్యాసములు 1971లో గ్రంథరూపమున వెలువడెను. 'ఎదురుపాటును వెదకుచు' నని యా గ్రంథనామమున కర్థము. ఒక పరదేశీయుని వ్యాసములే జపాను కళాశాఖకు సిద్ధాంతగ్రంథములగుట విచిత్రముగాఁ దోఁచును.

అతని వాదమిది: ఆధునికమానవుఁడు మొదట మనస్సులో నొక ప్రతిమను గల్పించుకొనును, పిమ్మటఁ బ్రపంచమును దానికిఁ దగినట్లు కోసి చెక్కి దిద్దును. అట్టివానికిఁ జెట్టు చెట్టుగాఁ గనఁబడదు, కాఁబోవు పలకగాఁ గనఁబడును. తన తలఁపునే యెల్లెడలఁ జూచుకొనువానికి లోకముతో నెదురుపాటు లేదు. కావున శిల్పి కల్పించుటను దగ్గించి, ఉన్నదానిని ఉన్నట్లుగా వెల్లడిచేయవలయును. ఒక దేశము మఱియొక దేశమును దన యూహకుఁ దగినట్లు దిద్దఁబూనిన కాలమునఁ బుట్టినవానికి నీ మాట పుస్తకజ్ఞానము మాత్రమే కాదని యూహించుట తప్పు కానేరదు.

ఆ కాలపు కృతియే యతనిది యొకటి: ఇనుపపలకమీఁద గాజుపలకను బఱచి, దానిమీఁద బండరాయిని బడవేసెను. గాజు పగిలెను, రాయి యచ్చటనే కూర్చుండెను. రాయి చెక్కినది కాదు, గాజు రంగు వేసినది కాదు. చూడఁదగినది పగులొక్కటే. అది రాతిది కాదు, గాజుది కాదు, పడవేసిన చేతిది మాత్రమును గాదు. మూఁటి కలయికయం దది పుట్టినది. 1972 మొదలు లీ తన శిల్పములను, సంబంధమునందున్న పదార్థమను నర్థము గల యొక లాటిను పదముతోఁ బిలువసాగెను. మొదట వేఱుపేరు గల యీ కృతియు నా పేరనే నేఁడు ప్రసిద్ధము.

ఇచ్చట నొక చిక్కు గలదు. అలంకారశాస్త్రము చదివినవారికి నది కొత్తది కాదు. కవి లేని వస్తువును గల్పించు ప్రజాపతి యని మన యాలంకారికులు కొనియాడిరి. అయినను వస్తువును దాని స్వభావముననుసరించి చెప్పుటను స్వభావోక్తి యని పేరిడి, దండి దానిని అలంకారములలో మొదటిదిగా నుంచెను. కుంతకుఁ డొప్పుకొనలేదు. వస్తుస్వభావమే యలంకరింపఁబడునదైనప్పు డదియే యలంకార మెట్లగును? ఎవఁడైనఁ దన భుజమును దానెక్కఁగలఁడా? జపాను శిల్పులకు వీరితో సంబంధ మేమియు లేదు. కాని వారి నెదుర్కొన్న యాక్షేపణ యిదియే. రాయి రాయిగానే యున్నచో శిల్పి చేసిన దేమి? కొండవాగులో నట్టి రాళ్లు వేలకొలఁది పడియున్నవి కదా!

ఈ యాక్షేపణకు మాటలకంటెఁ గృతులే మంచి సమాధానము చెప్పినవి. కొషిమిజు సుసుము 1969లోఁ బెద్ద కాగితపుసంచి చేసి యందొక బండరాతి నుంచెను. వాగులోని రాయిని జూచి యెవఁడును నది యెంత బరువని తలఁపఁడు. మడఁతలు పడిన పలుచని కాగితపుసంచిలో దానిని జూచినవానికి మొదటఁ దోఁచునది బరువే. రాయి మాఱలేదు, కాగితము మాఱలేదు, ఒకదాని చెంత మఱియొకటి యుండుటవలన రెండును గనఁబడినవి.

సుగా కిషియో (జననము 1944) యింకను దూరము పోయెను. 1970లోఁ గ్యోటో నగరపు జాతీయ కళాప్రదర్శనశాలలో నతఁడు కిటికీలను దెఱచి, మూసికొనకుండఁ గలపదుంగల నడ్డుపెట్టెను. అంతకు మించి చేసినది లేదు. గాలి, వెలుతురు, బయటి చెట్లు, లోపలి గోడ, అన్నియు నా కృతిలోనివే. దానికి 'అనంతస్థితి' యని పేరు. వస్తువును వదలివేయుటయు నొక పని యని యతని మతము. వదలివేయఁబడిన వస్తువు దిక్కులేనిది కాదు, ఇతరవస్తువులతో నొండొంటి నాశ్రయించియున్నది. నాగార్జునాచార్యుని తత్త్వమునందుఁ గూడ సుగా కాసక్తి గలదని తెలిసినప్పుడు, కృష్ణాతీరమున నాగార్జునుని పేరు విని పెరిగినవారికి నీ మాట యెచ్చటనో విన్నట్లుండును. కుంతకుఁ డా కిటికీని జూచినచోఁ గొంత తగ్గియుండునేమో! అలంకారము వస్తువునందుఁ గాక, వస్తువు నుంచిన తీరునం దున్నది.

పాశ్చాత్యులు పలువురు వీనినెల్లఁ జూచి, ఇది జెన్ బౌద్ధమని యొక్కమాటలోఁ దేల్చివేయుదురు. ఇది సులభమైన దారి; సరియైన దారి కాదు. ఈ శిల్పులు మఠములలోఁ బెరిగినవారు కారు. పలువురు తామా కళావిశ్వవిద్యాలయమున సైతో యొషిషిగె యొద్దఁ జదివినవారు. 1968, 1969లలో విద్యార్థుల యాందోళనముచేత జపాను విశ్వవిద్యాలయములు మూఁతపడుచుండెను. 1970లో ఒసాకా ప్రపంచప్రదర్శనమునఁ గొత్తయంత్రములు మిఱుమిట్లు గొలిపెను. సమస్తమును జేయఁగలమను దేశములోఁ జేయకుండుటను గొందఱు యువకులు కోరిరనుటయే సత్యమునకు దగ్గఱ.

చేయకుండుటకుఁ జెల్లింపవలసిన వెల యొకటి గలదు. ఈ కృతులలోఁ బెక్కింటికి నిలుకడ లేదు. 2010లో నవోషిమ ద్వీపమున, అందో తదావో నిర్మాణములో, లీ ఉఫాన్ శిల్పములకొక ప్రత్యేకభవనము వెలసినను, పగిలిన గాజు సంగతి మాత్రము వేఱు. ప్రదర్శింపవలసినప్పుడెల్లఁ గొత్తగాజు పఱచి మరల రాయి పడవేయవలయును. పగులు మరల నట్లే రాదు. సుగా కిటికీనుండి దుంగలు తీసివేసిన పిమ్మటఁ గిటికీ మిగిలెను.

సెకినే గొయ్యియు నంతే. కోబె ప్రదర్శనము ముగియఁగానే మన్నును గోతిలోఁ బోసి నేల చదును చేసిరి. ఛాయాపటములు మాత్రము మిగిలెను. నలువది యేండ్ల పిమ్మట, 2008లో, టోకియో నగరమున సెకినే దానిని మరలఁ ద్రవ్వించెను. అప్పటి మన్ను కోబె మన్ను కాదు. సెకినే 2019లో మరణించెను. గొయ్యి యెట్లు త్రవ్వవలయునో, మన్ను నెచ్చట నిలుపవలయునో యెఱిఁగినవా రున్నారు.