వద్దు అన్న మాటకు కులం ఉంటుందా?

షేక్‌పేట చుట్టుపక్కల ఒక విచిత్రమైన ఇరుగుపొరుగు కనిపిస్తుంది. తెలుగు సినిమా ప్రేమకథలు పుట్టే ఫిల్మ్‌నగర్ ఇక్కడే ఉంది. 1997లో మొదలైన ఆడపిల్లల ఇంజనీరింగ్ కాలేజీ, జి. నారాయణమ్మ కాలేజీ, షేక్‌పేటలోనే ఉంది. జూబిలీహిల్స్ 46వ నెంబరు రోడ్డులో అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. బంగళాల వెనక గుట్టల మీద బస్తీలూ ఉన్నాయి. ప్రేమ ఎట్లా ఉండాలో దేశానికి చెప్పే పరిశ్రమా, ఆ ప్రేమ పేరుతో ఎవరో వెంటబడితే భరించాల్సిన విద్యార్థినులూ, కూలికి పోతూ పరీక్షలు రాసుకునే మన పిల్లలూ కొద్ది కిలోమీటర్లలోనే బతుకుతున్నారు. కాంపస్ హింస గురించి మాట్లాడాలంటే ఇంతకన్నా తగిన చోటు లేదు.

కాలేజీ ప్రేమ మన సినిమాకు పాత సరుకు. వాడు చూస్తాడు, వెంటబడతాడు. ఆమె వద్దంటుంది. వాడు ఇంకా వెంటబడతాడు. చివరికి ఆమె ‘అర్థం చేసుకుంటుంది’. 2004లో వచ్చిన ‘ఆర్య’లో ఇంకొకరిని ప్రేమిస్తున్న అమ్మాయిని వదలకపోవడమే హీరో గొప్పతనం. 2017లో వచ్చిన ‘అర్జున్ రెడ్డి’లో మెడికల్ కాలేజీ సీనియర్, జూనియర్ అమ్మాయి తనదని క్లాసుకు వెళ్లి ప్రకటిస్తాడు. ఆమెను అడిగేది తర్వాత సంగతి. సినిమా చూసి కుర్రవాళ్లు హంతకులైపోతారనడం తేలిక, కానీ అది నిజం కాదు. లక్షలమంది చూస్తారు, అందరూ కత్తి పట్టరు. సినిమా చేసే పని వేరు. ‘వద్దు’ అన్న మాట జవాబు కాదనీ, ఇంకొంచెం గట్టిగా అడగమని దానర్థమనీ అది నేర్పుతుంది. చుట్టూ ఉన్న స్నేహితులకూ ఒక వేషం ఇస్తుంది. ‘మావాడు నీ కోసం చచ్చిపోతున్నాడు, ఒక్కసారి మాట్లాడొచ్చు గదా’ అని రాయబారం నడిపే వేషం అది.

2004లోనే విజయవాడలో ప్రేమను కాదన్నదని ఒక విద్యార్థినిని తరగతి గదిలోనే చంపారు. 2008 డిసెంబరులో వరంగల్లులో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. ఒకరు చనిపోయారు. మూడు రోజులకే నిందితులు ముగ్గురినీ పోలీసులు ‘ఎన్‌కౌంటర్’ చేశారు. కాలేజీల్లో పిల్లలు పోలీసులకు పూలిచ్చారు, సమస్య తీరిపోయిందనుకున్నారు. ఇలాంటివి ఒక్కరోజులో పుట్టవు. దారి కాయడం, ఫోన్లు, బెదిరింపు, చెయ్యి కోసుకుంటానని ఏడవడం, ఇవన్నీ ముందు నడుస్తాయి. నివారణ అనేది ఆ రోజుల్లో జరగాల్సిన పని. తుపాకీ పేలేసరికి ఆ రోజులు దాటిపోయాయి. వద్దన్నా వెంటబడటం, ఫోన్లో ఇంటర్నెట్‌లో కాపు కాయడం 2013 నుంచీ నేరం. ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను. మొదటిసారికి మూడేళ్లదాకా శిక్ష ఉంది.

ఇంతవరకూ చెప్పింది ఏ మహిళా సంఘం కరపత్రంలోనైనా ఉంటుంది. మనకు చిక్కు ఇక్కడినుంచి మొదలవుతుంది.

‘ఈవ్ టీజింగ్’ అన్న మాట వినగానే దళిత యువకుడి మనసులో ఒక పాత గాయం కదులుతుంది. 1991లో చుండూరులో గొడవ సినిమా హాల్లో మొదలైంది. చదువుకున్న దళిత యువకుడి కాలు రెడ్డి కుర్రవాడికి తగలడం దగ్గర మొదలైంది. ఆగస్టు 6న ఎనిమిదిమందిని నరికి చంపారు. ‘మా ఆడవాళ్లను అల్లరి పెడుతున్నారు’ అన్నది చంపినవాళ్ల పక్షం వాదన. (అంబేద్కర్ పేరు ఆ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి పెట్టింది కూడా ఆ ఏడే.) 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగితే పోలీసులు ఒక పేద దళిత యువకుణ్ణి పట్టుకొచ్చారు. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అంది. అతని యవ్వనం జైల్లో పోయింది, ఆ పిల్లకు న్యాయమూ జరగలేదు. షేక్‌పేట నుంచి గచ్చిబౌలి వైపు పోతే కేంద్రీయ విశ్వవిద్యాలయం వస్తుంది. అక్కడ 2015 డిసెంబరులో అంబేద్కర్ విద్యార్థి సంఘానికి చెందిన అయిదుగురు పరిశోధక విద్యార్థులను ‘క్రమశిక్షణ’ పేరుతోనే హాస్టలు నుంచి వెళ్లగొట్టారు. 2016 జనవరి 17న వారిలో ఒకడైన రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు.

కాబట్టి విచారణ కమిటీ అంటే మనవాళ్లు భయపడితే అందులో ఆశ్చర్యం లేదు. కానీ ఈ భయాన్ని ఎవరి మీద పెట్టుకుంటున్నాం? అగ్రకుల అమ్మాయి ఫిర్యాదు చేస్తే అది కులం కుట్ర అంటున్నాం. దళిత అమ్మాయి ఫిర్యాదు చేస్తే ‘ఇంటి గుట్టు బయటపెట్టకు, ఉద్యమానికి చెడ్డపేరు’ అంటున్నాం. ఇక ఆమె ఎక్కడికి పోవాలి? అగ్రకుల అబ్బాయి వెంటబడితే ‘దానికి అదృష్టం పట్టింది’ అంటుంది హాస్టలు. వాడు ఆమెతో రెండేళ్లు తిరుగుతాడు, క్యాంటీనుకు మాత్రం పక్కన నడవడు. పెళ్లి మాట వస్తే ‘ఇంట్లో ఒప్పుకోరు’ అంటాడు. దీన్ని ప్రేమ వైఫల్యం అని రాసుకుంటారు. నేను దీన్ని కుల హింస అనే అంటాను. చట్టం కూడా కొంత దూరం వస్తుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం, దళిత స్త్రీ అని తెలిసి ఆమె సమ్మతి లేకుండా లైంగికంగా తాకడమే కాదు, ఆ రకమైన మాటా సైగా కూడా నేరమే. ఎదిరించలేదు కనుక ఒప్పుకున్నట్టే అనడం చెల్లదని ఆ సెక్షను వివరణలోనే ఉంది.

చుండూరును చూపించి మన అమ్మాయి నోరు నొక్కడం చుండూరుకు చేసే గౌరవం కాదు. నిందితుడు మనవాడైనా సరే, ఆమె చెప్పేది పూర్తిగా వినాలి. అతను చెప్పేదీ వినాలి. వినకముందే తీర్పు చెప్పే పని పోలీసుల దగ్గరా పేపర్ల దగ్గరా చాలినంత జరుగుతోంది, మన సంఘాలు కూడా ఎందుకు?

రాగింగ్ సంగతి వేరే కాదు. ‘ఇంటిపేరేంది? ఎంసెట్ ర్యాంకెంత?’ ఈ రెండు ప్రశ్నలతో కొత్తగా వచ్చినవాడి కులం తేలిపోతుంది, మిగతా ఏడాది ఆ లెక్క ప్రకారమే నడుస్తుంది. ఉమ్మడి రాష్ట్రం 1997లోనే రాగింగ్ నిషేధ చట్టం చేసింది. ఏడిపించడానికి ఆరు నెలల నుంచి, ప్రాణం పోతే యావజ్జీవం దాకా శిక్షలున్నాయి. ఫిర్యాదు వచ్చినా కదలని ప్రిన్సిపాలు కూడా నేరానికి తోడ్పడినట్టే. చట్టం వచ్చిన పద్దెనిమిదేళ్లకు, 2015 జూలైలో, నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ విద్యార్థిని ఆత్మహత్య చేసుకున్నాకే ఆ కాగితం దుమ్ము దులిపారు.

మరి మంచి సంబంధం అంటే ఏది? దీనికి మనం పరాయి పుస్తకాలు వెతకనక్కర్లేదు. 1942 జూలైలో నాగపూరు దళిత మహిళల సభలో బాబాసాహెబ్ అమ్మాయిలకు చెప్పింది ఇదే: పెళ్లాడినవాడికి స్నేహితురాలిగా, సమానురాలిగా నిలబడండి, బానిసగా మాత్రం ఉండొద్దు. దాన్ని హాస్టలు గదికి తెచ్చి చూడండి. స్నేహితుడు ఫోను లాక్కుని మెసేజీలు చదవడు. ఎవరితో టీ తాగావని లెక్క అడగడు. ఫోటోలు దగ్గర పెట్టుకుని బెదిరించడు. ఇవన్నీ ‘ప్రేమ ఎక్కువై’ చేస్తున్నాడని అమ్మాయి స్నేహితురాళ్లే సర్దిచెబుతుంటారు. సినిమా కూడా కొంచెం కదిలింది. ‘కలర్ ఫోటో’ (2020) రంగు పేరు పెట్టి ఇంజనీరింగ్ కాలేజీ ప్రేమలోని వివక్ష చూపింది. కులం అనే మాట పలకడానికి ఎందుకంత మొహమాటమో తీసినవాళ్లే చెప్పాలి. ‘ది గర్ల్‌ఫ్రెండ్’ (2025)లో పీజీ చదివే అమ్మాయికి తనను ప్రేమించేవాడి పెత్తనమే ఊపిరాడకుండా చేస్తుంది. ఈ రెండూ హాస్టళ్లలో వేసి, తర్వాత గంటసేపు మాట్లాడించండి. ఉపన్యాసం కన్నా నయం.

స్నేహితులు చెయ్యగలిగింది చాలా ఉంది. రాయబారానికి పోకపోవడం మొదటిది. ‘ఆమె వద్దంది, ఇక ఆపరా’ అని వాడి రూమ్మేటు అంటే ఆ మాటకుండే బలం పోలీసు మాటకు ఉండదు. కాదనిపించుకోవడం పరువు పోవడం కాదని వాడికి చెప్పేవాళ్లు కావాలి. మనవాడైతే ఇంకో కష్టం ఉంది. అగ్రకుల అమ్మాయి వద్దంటే అందులో కులం కూడా ఉండొచ్చు. ఆ అవమానం నిజమే. దాన్ని కూర్చుని మాట్లాడుకోవాలి, రాసుకోవాలి, ఆమె మీద తీర్చుకోకూడదు.

ఇక కమిటీ సంగతి. యూజీసీ 2015 నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. సగంమంది స్త్రీలు, బయటి సభ్యురాలు ఒకరు. ఫిర్యాదుకు మూడు నెలల గడువు, విచారణకు తొంభై రోజులు. స్త్రీలతోపాటు కొందరు అబ్బాయిలూ, థర్డ్ జెండర్ విద్యార్థులూ బాధితులు కావచ్చనీ, కులం ఆ ప్రమాదాన్ని పెంచుతుందనీ ఆ నిబంధనలే ఒప్పుకుంటాయి. విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదైతే కమిటీలో ముగ్గురు విద్యార్థి సభ్యులుండాలి. డిగ్రీ, పీజీ, పరిశోధన స్థాయిల నుంచి ఒక్కొక్కరు. వాళ్లను ప్రిన్సిపాలు నియమించడానికి వీల్లేదు, ఎన్నుకోవాలి. మీ కాలేజీ నోటీసు బోర్డు మీద ఆ ముగ్గురి పేర్లున్నాయా చూడండి. లేకపోతే ఎన్నిక ఎప్పుడో రాతపూర్వకంగా అడగండి, ఆ ఎన్నికలో మన సంఘం తరఫున ఒక దళిత విద్యార్థినిని నిలబెట్టండి.