ఓవెన్ వేయగనే బ్రేకరు ఏల పడును?

రొట్టెలు, కేకులు కాల్చు విద్యుత్ ఓవెన్లు నేడు చిన్న ఊళ్ళ వంటిండ్లలోను కనబడుచున్నవి. ఓవెన్ స్విచ్చి వేయగనే ఒక్కొక్కప్పుడు బోర్డులోని బ్రేకరు టప్పున పడిపోవును. మీటను పైకెత్తినచో మరల పడును. విసిగిన కొందరు ప్లగ్గులోని ఎర్త్ తీగను విప్పివేసి, ఓవెన్ బాగుపడినదని సంతోషింతురు. ఇంతకంటె ప్రమాదకరమైన మరమ్మతు లేదు. బ్రేకరు పడుట జబ్బు కాదు, జబ్బును తెలుపు గుర్తు. ఏ బ్రేకరు, ఎప్పుడు పడుచున్నదో గమనించినచో తప్పు ఎక్కడ నున్నదో చాలవరకు తెలియును.

నేటి ఇండ్లలో రెండు రకముల బ్రేకర్లుండును. మొదటిది ఎం.సి.బి. ఇందులో రెండు లోహములను అతికించిన పట్టీ యొకటి కలదు. ప్రవాహము మితిమీరినచో పట్టీ వేడెక్కును. రెండు లోహములు సమానముగా వ్యాకోచింపవు గనుక అది వంగి మీటను విడిపించును. తీగలు ఒకదానికొకటి తగిలి ప్రవాహము ఒక్కసారిగా పెరిగినచో, లోపలి తీగచుట్ట అయస్కాంతమై మీటను క్షణములో లాగివేయును.

రెండవది ఆర్.సి.సి.బి. ఫేజు తీగ, న్యూట్రలు తీగ రెండును ఇందులోని ఒక లోహవలయము గుండ పోవును. వెళ్ళిన విద్యుత్తు అంతయు తిరిగి వచ్చినచో రెండింటి అయస్కాంత ప్రభావములు ఒకదానినొకటి రద్దుచేసికొనును. కొంత విద్యుత్తు ఎర్త్ లోనికి కారిపోయినచో ఆ సమతూకము చెడి మీట పడును. ఇండ్లలో వాడు రకమునకు 0.03 ఆంపియరు లోటు చాలును.

ఇప్పుడు లెక్క చూతము. 2,000 వాట్ల ఓవెన్, 3,000 వాట్ల గీజరు, 750 వాట్ల ఇస్త్రీపెట్టె ఒకే 16 ఆంపియర్ల ఎం.సి.బి. క్రింద పనిచేయుచున్నవనుకొనుడు. మొత్తము 5,750 వాట్లు. దీనిని 230 వోల్టులచే భాగించిన 25 ఆంపియర్లు వచ్చును. కొంతసేపటికి ఎం.సి.బి. పడుట సహజమే. ఇక్కడ ఓవెన్ తప్పు లేదు. దానికి వేరు లైను వేయించవలెను. అంతేగాని అవే తీగలకు పెద్ద బ్రేకరును బిగించరాదు, తీగలు కాలును.

పడినది ఆర్.సి.సి.బి. అయినచో ముందుగా ఓవెన్ ఎలిమెంటును అనుమానించవలెను. ఎలిమెంటు అనగా లోహపు గొట్టము. దాని నడుమ నిక్రోము తీగచుట్ట, చుట్టును మెగ్నీషియము ఆక్సైడు పొడి యుండును. ఈ పొడి వేడిని పోనిచ్చును, విద్యుత్తును పోనీయదు. కాని గొట్టము చివర మూత సడలినను, గొట్టము పగిలినను గాలిలోని తేమను పీల్చుకొనును. అందుచేతనే వానకాలమంతయు మూలపడియున్న ఓవెన్ మొదటి రోజుననే బ్రేకరును పడగొట్టుచుండును. 230 ను 0.03 చే భాగించినచో సుమారు 7,700 ఓములు. తీగకును గొట్టమునకును నడుమ నిరోధము ఇంతకు దిగినచో బ్రేకరు నిలువదు. మంచి ఎలిమెంటులో ఇది లక్షల ఓములలో నుండును.

పరీక్షించు క్రమమిది. ఓవెన్ ప్లగ్గు తీసి బ్రేకరు నెత్తుడు. అప్పుడును పడినచో తప్పు ఇంటి వైరింగులోనో, మరొక ఉపకరణములోనో ఉన్నది. నిలిచినచో, మీట త్రిప్పి పై ఎలిమెంటును మాత్రము, తరువాత క్రింది దానిని మాత్రము వేసి చూడుడు. దేనితో పడునో దానియందే లోపముండుటకు అవకాశమెక్కువ. ఇంతవరకు ఎవరైనను చేయవచ్చును. విప్పి, మెగ్గరుతో నిరోధమును కొలుచుట ఎలక్ట్రీషియను పని. తేమ మాత్రమే కారణమైనచో అతడు వేడిగాలితో ఆరబెట్టి మరల కొలుచును. అప్పటికిని నిరోధము పెరుగకున్న ఎలిమెంటును మార్చవలసినదే.

ఇక ఎర్త్ సంగతి. అనంతపురము చెంతనున్న బుక్కరాయసముద్రమునకు పేరు పెద్ద చెరువుదే. అయినను ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ప్రాంతమిది. నేలలోని నీటియందు కరిగిన లవణములే విద్యుత్తును మోయును. నేల ఎండిన కొలది ఎర్త్ గుంట నిరోధము పెరుగును. వేసవిలో ఒక ఇంటి ఎర్త్ దారి నిరోధము 46 ఓములున్నదనుకొనుడు. ఫేజు తీగ ఓవెన్ పెట్టెకు తగిలినచో ఆ దారిన పోవునది 5 ఆంపియర్లే. ఓవెన్ వాడుకొను 8.7 ఆంపియర్లను కలిపినను 13.7 మాత్రమే. 16 ఆంపియర్ల ఎం.సి.బి. కదలదు. పెట్టెమీద మాత్రము ప్రాణము తీయగల వోల్టేజి నిలిచియుండును. ఆర్.సి.సి.బి. కి ఆ 5 ఆంపియర్లు 160 రెట్లకు పైగా ఎక్కువ. అది వెంటనే పడును. ఎండిన నేలగల ఊళ్ళలో ఈ రెండవ బ్రేకరు ఎంత అవసరమో దీనివలన తెలియును. ఎర్త్ గుంటలో బొగ్గు, ఉప్పు వేసి వేసవిలో నీరు పోయుటలోని శాస్త్రమును ఇదే.

ఎర్త్ తీగను విప్పినప్పుడు ఏమగును? కారు విద్యుత్తుకు దారి లేకపోవుటచే బ్రేకరు పడదు. లోపము అట్లే యుండును. పెట్టెను తాకిన మనిషియే ఆ దారి యగును. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను పొడవుగా నుండుటకు కారణమును విద్యార్థులు ఆలోచింపవచ్చును: అది అన్నిటికంటె ముందు తగిలి, అన్నిటికంటె తరువాత విడివడవలెను.

ఆర్.సి.సి.బి. పై 'టి' అను చిన్న బొత్తాము కలదు. నెలకొకసారి దానిని నొక్కి చూడుడు. మీట పడవలెను. పడకున్నచో బ్రేకరును మార్పించువరకు ఆ ఇంటికి ఆ రక్షణ లేదనియే తలచవలెను.