మేడ్చల్ రోడ్డు మీద శాటిలైట్ రేడియో: హెల్మెట్‌లో నిజంగా ఏది బాగా వినిపిస్తుంది?

డల్లాస్‌లో ఉండే మా బావ వచ్చే నెల ఇండియా వస్తున్నాడు. అక్కడ హార్లీ నడుపుతాడు, దాంట్లో సిరియస్‌ఎక్స్‌ఎం శాటిలైట్ రేడియో ఉంది. "ఒరేయ్, నీకూ ఒక రిసీవర్ పట్టుకొస్తా, బండికి పెట్టించుకో. క్వాలిటీ అదిరిపోద్ది" అని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. "వద్దు బావా, ఇక్కడ పని చెయ్యదు" అని రిప్లై ఇచ్చా. కానీ ఆ "అదిరిపోద్ది" నా బుర్రలోంచి పోలేదు. నేను రోజూ మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు బైక్ మీదే ఆఫీసుకి వెళ్తా. శాటిలైట్ రేడియో నిజంగా అంత గొప్పగా వినిపిస్తుందా, లేక మన దగ్గర ఉన్నవాటితోనే పని జరిగిపోతుందా?

ముందు పని చెయ్యకపోవడం సంగతి చూద్దాం. సిరియస్‌ఎక్స్‌ఎం 2.3 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఉత్తర అమెరికా మీదికి మాత్రమే సిగ్నల్ పంపుతుంది. రిసీవర్ తెచ్చి శామీర్‌పేట చెరువు కట్ట మీద పెట్టినా అది ఉత్త డబ్బానే.

అలాగని మనం శాటిలైట్ రేడియో చూడనివాళ్లం కాదు. 2000లో పైకి వెళ్లిన ఆసియాస్టార్ శాటిలైట్ నుంచి వరల్డ్‌స్పేస్ సర్వీస్ ఇండియాలో వచ్చేది. తెలుగుకి 'స్పందన' అని ప్రత్యేకంగా ఒక ఛానెల్ ఉండేది. మేడ్చల్‌లో మా బాబాయ్ వాళ్లింట్లో ఆ సెట్ ఉండేది. చదరంగా, పలకలా ఉండే యాంటెన్నాని కిటికీలో పెట్టి అటూ ఇటూ తిప్పడం మా పిల్లల డ్యూటీ. సిగ్నల్ దొరికితే మధ్యలో యాడ్స్ లేకుండా పాటలు. 2009 డిసెంబర్ 31తో ఇండియాలో అది ఆగిపోయింది. డబ్బులు ముందే కట్టి సెట్ కొనుక్కున్నవాళ్ల బాధ వేరే కథ.

దాన్నే బైక్‌కి కట్టి ఉంటే ఏమయ్యేది? ఆసియాస్టార్ 105 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉండేది. కూర్చుని లెక్క వేస్తే మేడ్చల్ నుంచి చూసినప్పుడు ఆకాశంలో దాదాపు 53 డిగ్రీల ఎత్తులో, తూర్పు-ఆగ్నేయం వైపు వస్తోంది. శామీర్‌పేట కూడా మేడ్చల్‌కి తూర్పే కాబట్టి, పొద్దున వెళ్లేటప్పుడు శాటిలైట్ నా ముందరే ఉండేదన్నమాట. బాగానే ఉంది కదా? కానీ ఔటర్ మెయిన్ రోడ్డు మీదికి టూవీలర్లని రానివ్వరు, మనకి సర్వీస్ రోడ్డే గతి. చెట్టు నీడ, బ్రిడ్జి కింద, పక్కనే కంటైనర్ లారీ... ప్రతిసారీ పాట కట్.

అమెరికాలో ఆ సమస్యని తెలివిగా దాటారు. ఒకే ఆడియోని కొన్ని సెకన్ల తేడాతో రెండుసార్లు పంపుతారు, సిటీల్లో నేల మీద రిపీటర్లు పెడతారు. ఒకటి మిస్సయినా రెండోది దొరుకుతుంది. అంటే బావ బండిలో నిజంగా గొప్పది పాట తెగకపోవడం. సౌండ్ విషయానికొస్తే అంత లేదు. వందకి పైగా ఛానెళ్లని కొద్దిపాటి బ్యాండ్‌విడ్త్‌లో ఇరికించాలి కాబట్టి మ్యూజిక్‌కి సాధారణంగా 64 కేబీపీఎస్ లోపే దక్కుతుంది. వరల్డ్‌స్పేస్‌లోనూ ఛానెల్‌ని 16 కేబీపీఎస్ ముక్కలుగా కొలిచేవాళ్లు, 64 ఇస్తే అదే స్టీరియో. మన ఫోన్‌లో స్పాటిఫై హై సెట్టింగే 160.

ఇక మన రోడ్డు మీద. వారం రోజులు హెల్మెట్ ఇంటర్‌కామ్‌లో ఒకే ప్లేలిస్ట్‌ని స్ట్రీమింగ్‌లో, డౌన్‌లోడ్ చేసుకుని విన్నా. మధ్యమధ్యలో ఇంటర్‌కామ్‌లోని ఎఫ్‌ఎం ట్యూనర్ కూడా పెట్టా.

ఎఫ్‌ఎం సిటీ వైపు బాగుంది. తూముకుంట దాటాక నా ఇంటర్‌కామ్ బుల్లి యాంటెన్నాకి 'స్స్...' మొదలైంది. స్టీరియో ఆపి మోనోకి మారిస్తే ఆ చప్పుడు బాగా తగ్గుతుంది, ఈ సెట్టింగ్ చాలామంది ముట్టుకోరు. స్ట్రీమింగ్‌కి 160 దగ్గర గంటకి 72 ఎంబీ అవుతుంది, అది పెద్ద లెక్క కాదు. కానీ టవర్లు మారేచోట రెండుసార్లు ఆగింది. డౌన్‌లోడ్ చేసిన పాట ఒక్కసారి కూడా ఆగలేదు.

కోడెక్‌ల గొడవ? సర్వీస్ రోడ్డు మీద 40 స్పీడ్‌లో 64కీ 160కీ తేడా తెలిసింది, తాళాల చప్పుడు, గాయకుడి ఊపిరి లాంటివి. రాజీవ్ రహదారి ఎక్కి 80 దాటాక రెండూ ఒకటే! హెల్మెట్ లోపల గాలి హోరు 90 డెసిబెల్స్ పైకి పోతుంది, అందులో ఎక్కువ భాగం లో ఫ్రీక్వెన్సీ కాబట్టి ముందు బేస్‌ని మింగేస్తుంది. 320 ఫైల్ పెట్టి, ఎల్‌డ్యాక్ ఆన్ చేసి ఎవరికి చూపిస్తాం? ఇంకోటి, గ్రూప్ రైడ్‌లో ఇంటర్‌కామ్ మాటలు ఆన్‌లో ఉంటే బ్లూటూత్ చాలా సెట్లలో కాల్ మోడ్‌కి దిగిపోతుంది. అప్పుడు ఏ పాటైనా ఫోన్‌లో హోల్డ్ మ్యూజిక్‌లా ఉంటుంది.

తేడా చూపించినవి రెండే. స్పీకర్‌ని ఒక సెంటీమీటర్ వెనక్కి జరిపి చెవి రంధ్రానికి ఎదురుగా అతికించా, కొత్త ఇంటర్‌కామ్ కొన్నట్టే అనిపించింది. రెండోది ఇయర్‌ప్లగ్స్. నవ్వకండి, నేనూ నవ్వా. హోరు తగ్గడంతో వాల్యూమ్ ఫుల్ పెట్టాల్సిన పని తప్పింది, మాటలు స్పష్టంగా వినిపించాయి.

ఇది సౌండ్ క్వాలిటీ గురించే కాదు. మొదటి రెండు రోజులు హోరుని గెలవాలని వాల్యూమ్ పెంచుకుంటూ పోయా. రాత్రి పడుకుంటే చెవుల్లో ఒకటే గుయ్ మనే మోత. అమెరికా నియోష్ సంస్థ లెక్కలో 85 డెసిబెల్స్ 8 గంటల వరకు పర్లేదు, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైమ్ సగం అవుతుంది. 94 అయితే గంట. 100 అయితే 15 నిమిషాలు, అంటే నా ఆఫీసు దారిలో సగం కూడా కాదు! పాటకి ముందే గాలి హోరు ఆ కోటాని తినేస్తోంది.

అందుకే బావకి మళ్లీ మెసేజ్ పెట్టా: రిసీవర్ వద్దు, లారీ హారన్ వినబడేలా ఉండే ఫిల్టర్ ఇయర్‌ప్లగ్స్ రెండు జతలు పట్టుకురా అని. "పాటలు వినడానికి చెవులు మూసుకుంటావేంట్రా" అన్నాడు. వచ్చాక నా బండి మీద కూర్చోబెట్టి తుర్కపల్లి దాకా తీసుకెళ్తా.