పాత ఆసిలోస్కోపుకు క్రొత్త పవర్ కార్డు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో పాత ఆసిలోస్కోపును గాని, సిగ్నల్ జనరేటరును గాని తిరిగి పనిచేయింపగోరు విద్యార్థికి మొదట ఎదురగు చిక్కు దాని పవర్ కార్డే. 1970లో అంతర్జాతీయ ప్రమాణము వెలువడిన పిమ్మట తయారైన యంత్రములలో పెక్కింటికి, కంప్యూటరునకు వాడు మామూలు కార్డే సరిపోవును. 1960లనాటి హ్యూలెట్-ప్యాకార్డ్ యంత్రములలో అనేకమునకు మాత్రము అండాకారపు సాకెట్టు, గుండ్రని పిన్నులు ఉండెడివి. వానికి ఈ కార్డు పట్టదు.

అట్టి కార్డును అమెరికానుండి తెప్పించినను, దాని ప్లగ్గు మన గోడ సాకెట్టులో దూరదు. ప్లగ్గు మార్చక తప్పదు. ప్రమాదము ఇక్కడనే పొంచియున్నది. మన ఇండ్ల వైరింగులో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రలు, ఆకుపచ్చ ఎర్తు. అమెరికా కార్డులో నలుపే ఫేజు, తెలుపు న్యూట్రలు. మన అలవాటు చొప్పున నలుపును న్యూట్రలుకు కలిపినచో, ఫ్యూజు, స్విచ్చి న్యూట్రలు మార్గమున పడును. స్విచ్చి ఆపినను యంత్రము లోపల విద్యుత్తు నిలిచియే యుండును.

కావున మనము రంగును నమ్మరాదు. కార్డును గోడ సాకెట్టుకు తగిలింపక మునుపే మల్టీమీటరుతో పరీక్షించి, ఫ్యూజునకు చేరు తీగనే ఫేజునకు కలుపవలెను. ఎర్తు తీగ యంత్రపు లోహపు పెట్టెకు చేరుచున్నదో లేదో చూడవలెను. వెనుకనున్న వోల్టేజి స్విచ్చి 115లో ఉన్నచో 230కి మార్చి, అందుకు తగిన ఫ్యూజునే వేయవలెను.

ప్రయోగశాలలోని ప్రతి పాత యంత్రముపై దాని కార్డు వివరములు తెలుపు చీటీ నంటించుటకు కళాశాల కమిటీవారు ఏర్పాటు గావించినచో, రాబోవు విద్యార్థులకు ప్రాణరక్షణ కలుగును.