కాఫీ పండు అమ్మాలా, పిక్క అమ్మాలా?

మన హాస్టల్లో చాలామంది ఇళ్ళ దగ్గర కాఫీ తోటలున్నాయి. కోసిన పండు ఏమవుతుందని అడిగితే "షావుకారు పట్టుకుపోతాడు" అన్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

పాడేరు, అరకు వైపు నవంబరు నుండి కోత. సుమారు 6 కిలోల పండుకి చివరికి 1 కిలో పిక్క వస్తుంది. పండుగా అమ్మితే ఆ రోజే డబ్బు, కాని తక్కువ. తొక్క తీసి, కడిగి, ఎండబెట్టినదాన్ని పార్చ్‌మెంట్ అంటారు. దానికి రేటు ఎక్కువ. ఆ తేడా డబ్బు మధ్యలో పని తెలిసినవాళ్ళకే.

ఎర్రగా పండినవే కొయ్యాలి. నీళ్ళలో పోస్తే తాలు పైకి తేలుతుంది, తీసెయ్యాలి. కోసిన రోజే పల్పర్ మిషన్లో వేసి తొక్క తియ్యాలి. జిగురు పోడానికి ఒక రాత్రి, చలైతే ఇంకాసేపు ఊరనివ్వాలి. చేత్తో పామితే గరగరమంటే జిగురు వదిలినట్టే. తరువాత కడిగి, మట్టి తగలకుండా పరదా మీద ఆరబెట్టాలి.

మొదటి ఏడాది మా ఊళ్ళో ఎక్కువ ఊరబెట్టేశారు. పులిసిన వాసన వచ్చి తక్కువ రేటుకి పోయింది. మా అయ్య వారం రోజులు అమ్మతో మాట్లాడలేదు. మదుపుకి షావుకారు దగ్గర అప్పు తెచ్చాము, పండు ఇస్తామని ముందే ఒప్పుకున్నాము. అప్పున్నవాళ్ళు పిక్క ఎండేదాకా ఎలా ఆగుతారు? పని వస్తే చాలదు, ఆగడానికి ఇంట్లో బియ్యం కూడా ఉండాలి.

తరువాత ఏడాది 5 ఇళ్ళ ఆడవాళ్ళు పొదుపు సంఘంలో అప్పు తీసి చేతి పల్పర్ కొన్నారు. వేరేవాళ్ళ పండు కూలికి ఆడిస్తారు. మిషన్ బాగుచెయ్యడం మా వదిన నేర్చుకుంది. ఇప్పుడు పక్క ఊరివాళ్ళు కూడా పిలిచి, భోజనం పెట్టి, డబ్బులిస్తారు. ముందు షావుకారుతో ఘాట్ దిగిపోయిన డబ్బు ఇప్పుడు మన సంతలోనే తిరుగుతోంది.

1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ పిక్క కొంటుంది. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ కొట్టు తెరిచారు. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పారిస్‌లో కప్పు ఎంతో గాని, మా అమ్మ మాత్రం అంబలే తాగుతుంది!

మా పల్పర్ దగ్గర ఎవరి పండు ఎన్ని కిలోలో బొగ్గుతో గోడ మీద గీసేవారు. జల్లుకి చెరిగిపోయి పెద్ద గొడవైంది. ఈ సంక్రాంతి సెలవుల్లో నేను పుస్తకం పెడతాను. గడులు ఎలా గియ్యాలో లెక్కల మేడం గారు చూపించారు.